నలభై రోజులు: కలిసా, ఎవరికి వారా?

భస్మ బుధవారం మొదలు ఈస్టర్ దాకా సాగే లెంటును మన తెలుగు సంఘాల్లో చాలామంది శ్రమల దినాలంటారు. ఆ దినాలను సంఘమంతా ఒక్కటిగా ఆచరించాలా, ఎవరి మనస్సాక్షికి వాళ్ళను వదిలేయాలా అన్నది ఏటా వచ్చే తగవు. ఇక్కడ మాట్లాడే ఇద్దరూ ఒకే సంఘం వాళ్ళు, ఇద్దరూ ప్రార్థనపరులే. నా మొగ్గు అక్క వైపు. అయినా తమ్ముడి మాటల్లో తేలిగ్గా కొట్టిపారేయదగ్గది ఒక్కటీ నాకు కనబడలేదు. అందుకే తీర్పు రాయడం లేదు.

తమ్ముడు: అక్కా, ముందు ఆ కాగితం సంగతి తేల్చండి. మందిరం గోడకు అంటించారు చూడండి, గొలుసు ఉపవాసం పట్టిక. ఏ రోజు ఏ ఇంటివాళ్ళు ఉపవాసం ఉండాలో పేర్లు, పక్కన టిక్కులు. టిక్కు పడని పేరు దగ్గర ఆదివారం నాడు అందరి చూపూ ఆగుతోంది. మత్తయి సువార్త ఆరో అధ్యాయంలో ప్రభువు ఉపవాసం గురించి గట్టిగా చెప్పింది ఒక్కటే: నలుగురికీ కనబడాలని చేయొద్దు, తలకు నూనె రాసుకుని ముఖం కడుక్కుని మామూలుగా తిరుగు, చూడవలసినవాడు చూస్తాడు. మనం దానికి పట్టిక వేసి గోడకెక్కించాం. భస్మ బుధవారం ఆరాధనలో చదివేదీ ఆ అధ్యాయమే కదా!

అక్క: అదే ఆరాధనలో చదివే పాత నిబంధన భాగం కూడా గుర్తు చేసుకో. యోవేలు రెండో అధ్యాయం. అక్కడ రహస్యం లేదు. బాకా ఊది ఊరంతటినీ పిలవమంటాడు ప్రవక్త. ముసలివాళ్ళను, చంటిబిడ్డలను, కొత్తగా పెళ్ళయిన జంటను కూడా వదలొద్దంటాడు. నీనెవెలో రాజు దగ్గర్నుంచి పశువుల దాకా అందరికీ ఉపవాసమే. ఎస్తేరు రాజు ముందుకు వెళ్ళబోతూ షూషనులో ఉన్న యూదులందరినీ మూడు రోజులు తన కోసం ఉపవాసం ఉండమని కబురు పెట్టింది. ఒక్కతే గదిలో కూర్చుని ఉంటే ఆ గడప దాటే ధైర్యం వచ్చేదా? ప్రభువు వద్దన్నది ప్రదర్శనను. నలుగురూ కలిసి తగ్గించుకోవడాన్ని ఆయన ఎక్కడా వద్దనలేదు. ఈ రెండు భాగాలనూ ఒకే రోజుకు పెట్టిన పెద్దలు వాటి మధ్య ఉన్న పెనుగులాట తెలియక పెట్టారనుకోను.

తమ్ముడు: నీనెవె, షూషను రెండూ ఆపద వేళలు. కత్తి మెడ మీద ఉన్నప్పుడు ఎవరూ పిలవకుండానే జనం పోగవుతారు. మనది క్యాలెండరు ఉపవాసం. ఫలానా బుధవారం వచ్చింది కాబట్టి పశ్చాత్తాపపడాలి, ఫలానా ఆదివారం వచ్చింది కాబట్టి సంతోషించాలి. దినాలను, మాసాలను పట్టుకుని వేలాడుతున్నారని పౌలు గలతీయుల మీద బాధపడ్డాడు. తిండి విషయంలో, పండుగ విషయంలో ఎవరూ మీకు తీర్పు తీర్చకూడదని కొలొస్సయులకు రాశాడు. అపొస్తలులు నలభై రోజుల లెంటు పెట్టినట్టు కొత్త నిబంధనలో ఎక్కడైనా చూపించండి. రెండో శతాబ్దం చివర ఇరేనియస్ రోము బిషప్పు విక్టరుకు రాసిన ఉత్తరంలో ఏముంది? ఈస్టరుకు ముందు కొందరు ఒక రోజు ఉపవాసం ఉంటారు, కొందరు రెండు రోజులు, కొందరు ఇంకా ఎక్కువ అని. ఈ నలభై దినాల పేరు సంఘ శాసనాల్లో కనబడేది 325లో, నైసియా సభలో. అది కూడా ఉపవాసం గురించి పెట్టిన నియమం కాదు. బిషప్పుల సభ ఏడాదికి రెండుసార్లు జరగాలి, మొదటిది ఆ నలభై దినాలకు ముందు జరగాలి అని ఒక మాట, అంతే. మూడు వందల ఏళ్ళు సంఘం ఈ లెక్క లేకుండానే హింసలు తట్టుకుంది, సాక్ష్యమిచ్చింది, పెరిగింది.

అక్క: ఇరేనియస్ ఉత్తరాన్ని సగంలో ఆపావు. ఆయన ఆ తేడాలన్నీ చెప్పి, ఇన్ని తేడాలున్నా మనవాళ్ళు ఒకరితో ఒకరు సమాధానంగా ఉన్నారు, ఉపవాసంలో తేడా విశ్వాసంలోని ఐక్యతను ఇంకా రూఢి చేస్తోంది అన్న అర్థంలో ముగించాడు. అంటే రోజుల లెక్క వేరైనా ఉపవాసం లేని సంఘం ఆయనకు తెలియదు. ఇక వాక్యంలో లేదన్న సంగతి. క్రిస్మస్ తేదీ వాక్యంలో ఉందా? స్త్రీల సమాజం ఉందా? సండే స్కూలు ఉందా? భక్త సింగ్ గారి సంఘాలు లెంటు పాటించవు, ఆ సంగతి నాకూ తెలుసు, వాళ్ళను గౌరవిస్తాను. వాళ్ళు ప్రతి ఆదివారం రొట్టె విరుస్తూ ప్రభువు మరణాన్ని జ్ఞాపకం చేసుకుంటారు కాబట్టి ప్రత్యేకంగా నలభై రోజులు అక్కర్లేదంటారు. మరి వాళ్ళ హెబ్రోను మందిరంలో ఏటా జరిగే పెద్ద కూటాల మాటేమిటి? రోజుల తరబడి వేలమంది ఒకేచోట ఉండి, నేల మీద వరసగా కూర్చుని ఒకే భోజనం తిని, ఒకే ప్రార్థనలో ఉంటారు. దానికి తేదీలు ముందే ప్రకటిస్తారు. రైలు టిక్కెట్లు తీసుకుని మరీ వెళ్తారు. సంఘమంతా కలిసి ఒక కాలాన్ని దేవుడి కోసం పక్కన పెట్టడమన్నది వాళ్ళకూ అవసరమైంది. ఏ నెలలో అన్నదొక్కటే తేడా.

తమ్ముడు: ఆ మాట ఒప్పుకుంటాను. కానీ ఆ కూటాలకు రాకపోతే విశ్వాసిలో లోటుందని ఎవరూ అనుకోరు. లెంటు పాటించకపోతే మన దగ్గర అనుకుంటారు.

అక్క: అనుకోవడం తప్పే. దాని దగ్గరికి వస్తాను. ముందు లెంటు ఎందుకు పుట్టిందో చెప్పనీ. తొలినాటి చిన్న పుస్తకం ఒకటుంది, డిడాఖే. బాప్తిస్మం పొందబోయేవాడు ఉపవాసం ఉండాలి, ఇచ్చేవాడు ఉండాలి, వీలైన మిగతావాళ్ళు కూడా ఉండాలి అని అందులో ఉంది. రెండో శతాబ్దం నడుమ జస్టిన్ రోము చక్రవర్తికి విన్నపం రాస్తూ, కొత్తగా వచ్చేవాళ్ళ పాత పాపాల క్షమాపణ కోసం వాళ్ళతో పాటు మేమూ ప్రార్థించి ఉపవాసం ఉంటాం అని చెప్పుకున్నాడు. ఆ తర్వాత కాలంలో బాప్తిస్మానికి ఈస్టర్ రాత్రి ముఖ్యమైన వేళ అయింది. దానికి ముందు వారాలు వాళ్ళకు బోధ, ప్రార్థన, ఉపవాసం. ఆ వారాల్లో సంఘం వాళ్ళను ఒంటరిగా వదల్లేదు. బాప్తిస్మం ఎప్పుడో పొంది నెరిసిపోయిన పెద్దాయన, నిన్న గాక మొన్న గడప తొక్కిన పిల్లవాడి కోసం అన్నం మానేశాడు. లెంటు వేళ్ళలో ముఖ్యమైనది అది. ఒకడి కొత్త జీవితానికి ఊరంతా ఆకలి పంచుకోవడం. దాన్ని ఎవరికి వారు ఇంట్లో చేసుకుంటే ఆ వేరే తెగిపోతుంది.

తమ్ముడు: అక్కా, ఇది గట్టి మాట. నేను ఇంతకాలం లెంటును మధ్యయుగాల సరుకు అనుకున్నాను. కానీ ఆ వేరు మన దగ్గర ఎప్పుడో తెగిపోయింది. ఈ ఈస్టర్‌కు బాప్తిస్మం పొందబోయేవాళ్ళ పేర్లు మీకు తెలుసా? వాళ్ళ కోసం ఎవరు ఉపవాసం ఉన్నారు? ఆ పట్టికలో వాళ్ళ పేర్లున్నాయా? లేవు. మనం ఉపవాసం ఉన్నది మన ఉద్యోగాల కోసం, పిల్లల పదో తరగతి పరీక్షల కోసం, వీసాల కోసం.

అక్క: లేవు. ఉండాలి.

తమ్ముడు: అదీ గాక, కలిసి అన్నప్పుడల్లా నాకు 1522 నాటి జ్యూరిచ్ గుర్తొస్తుంది. ఫ్రోషవర్ అనే ప్రింటరు ఇంట్లో లెంటు దినాల్లో కొందరు సాసేజీలు కోసుకు తిన్నారు. సంస్కర్త జ్వింగ్లీ అక్కడే ఉన్నాడు, తాను తినలేదు. అది నేరమైంది. ఫ్రోషవర్ అధికారులకు ఏమని చెప్పుకున్నాడు? ఫ్రాంక్‌ఫర్ట్ సంతకు పౌలు పత్రికల అచ్చు పూర్తి చేయాలి, మా పనివాళ్ళు రాత్రింబవళ్ళు పనిచేస్తున్నారు, ఒట్టి గంజితో ఆ పని సాగదు అని. కొద్ది రోజులకే జ్వింగ్లీ తిండి విషయంలో క్రైస్తవుడికి ఉన్న స్వేచ్ఛ మీద ప్రసంగం చేసి దాన్ని అచ్చు వేయించాడు. స్విట్జర్లాండు సంస్కరణ ఒక పనివాడి ఆకలి దగ్గర మొదలైంది. ఇప్పుడు మన దగ్గర చూడండి. లెంటు ఎప్పుడు పడుతుంది? ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్. పల్నాడులో మిరప కోతలు ముమ్మరంగా సాగేది అప్పుడే. మన సంఘం ఆడవాళ్ళు తెల్లారకముందే ట్రాక్టరెక్కి పోతారు. ముఖానికి గుడ్డ చుట్టుకుని, ఆ ఘాటులో వంగి సాయంత్రం దాకా కోస్తే కిలో లెక్కన కూలి. వాళ్ళు మధ్యాహ్నం సద్ది విప్పకపోతే కళ్ళు తిరిగి చేలో పడతారు. జీతాలొచ్చేవాళ్ళు, ఫ్యాను కింద కూర్చునేవాళ్ళు పెట్టుకున్న నియమం వాళ్ళ మీద కూడా పడితే అది భక్తి కాదు.

అక్క: వాళ్ళ మీద పడకూడదు. పడినచోట సంఘం తప్పు చేసింది. కానీ సంఘం కలిసి ఆచరించినప్పుడే మినహాయింపు ఇవ్వగలదన్న సంగతి నువ్వు గమనించడం లేదు. కతోలిక సంఘంలో ఉపవాస నియమం 18 నుంచి 59 ఏళ్ళ వాళ్ళకే, అదీ భస్మ బుధవారం, శుభ శుక్రవారం రెండే రోజులు. రోగులకు, గర్భిణులకు, కష్టమైన పని చేసేవాళ్ళకు వెసులుబాటు ఉంది. పైనుంచి ఒకరు నువ్వు తిను, తప్పు లేదు అని చెబుతున్నారు. ఎవరి మనస్సాక్షికి వాళ్ళను వదిలేస్తే ఏమవుతుందో నేను చూశాను. మన పేటలో చక్కెర వ్యాధి ఉన్న పెద్దావిడ ఉంది. పొద్దున్నే ఇన్సులిన్ వేసుకుంటుంది. ఎవరికీ చెప్పకుండా, నీ మత్తయి సువార్త ప్రకారమే రహస్యంగా, శుక్రవారాలు ఉపవాసం మొదలుపెట్టింది. ఒక శుక్రవారం కూడికలో చెమటలు పట్టి చేతులు వణుకుతుంటే అయ్యగారి భార్య చూసి, వెనక వసారాలోకి తీసుకెళ్ళి ముందు పంచదార నీళ్ళు తాగించింది. తర్వాత ఉప్మా ప్లేటు ఆవిడ ఒళ్ళో పెట్టి, నువ్వు తినేదాకా నేను ఇక్కడే ఉంటాను, నీ వంతు ఉపవాసం నేనుంటాను అంది. ఆవిడ ఏడుస్తూ తింది. ఆ ముసలమ్మకు ఆ మాట ఎవరు చెప్పాలి? ఆవిడ మనస్సాక్షి చెప్పదు. దానికి భయం తప్ప ఏమీ తెలియదు. కలిసి ఉన్నవాళ్ళు చెప్పాలి.

తమ్ముడు: నీ వంతు నేనుంటాను అన్న మాట బాగుంది. అందరూ అలా ఉంటే నేనిక్కడ వాదించాల్సిన పనే లేదు. కానీ మాంసం గురించి మాట్లాడాలి. దీన్ని సున్నితంగా చెప్పే దారి నాకు తెలియదు. మనలో ఎక్కువమందిమి మాలపల్లె, మాదిగపల్లెల నుంచి వచ్చినవాళ్ళం. ఊరు మన తాతలను దూరం పెట్టి చెప్పిన సాకుల్లో మొదటిది వాళ్ళ తిండి. బావి దగ్గరికి రానివ్వలేదు, గుడి వీధిలో నడవనివ్వలేదు, అడిగితే మీరేం తింటారో మాకు తెలియదా అన్నారు. అలాంటివాళ్ళకు సువార్తలో దొరికిన విడుదలల్లో పెద్దది, నోట్లోకి పోయేది మనిషిని మైలపరచదు అని ప్రభువే చెప్పడం. ఇప్పుడు అయ్యగారు వేదిక మీద నిలబడి, నలభై రోజులు నీచు ముట్టకండి, పరిశుద్ధంగా ఉండండి అని ఆ రెండు మాటలనూ ఒకే ఊపిరిలో అంటే, మా నాన్న చెవిలో అది ఊరి మాటలాగే పడుతుంది. మా అన్న కూతురు నన్ను అడిగింది, బాబాయ్, మాంసం తిని ప్రార్థన చేస్తే దేవుడు వినడా అని. కార్తీకమాసం, శనివారాలు, మాలలు వేసుకునేవాళ్ళ నియమాలు చుట్టూ చూస్తున్న పిల్ల అది. మనదీ అదే అనుకుంది. ఇది సంఘంగా మనం చేస్తున్న పని. ఒక్కడు తన ఇంట్లో మాంసం మానుకుంటే ఆ పిల్లకు ఆ ప్రశ్న రాదు. సంఘమంతా కలిసి మానితే వస్తుంది.

అక్క: ఈ మాటకు నా దగ్గర సిద్ధంగా జవాబు లేదు. నా చిన్నప్పుడు మా అమ్మ లెంటు మొదలవుతుందనగా మాంసం వండే కుండలు వేరే తోమి అటక మీద పెట్టేది. అందులో ఏముందో నాకు ఇప్పుడు తెలుస్తోంది. మంచిదాన్ని ఇష్టంగా పక్కన పెట్టడం ఉపవాసం. చెడ్డదాన్ని కడిగేసుకోవడం అనుకుంటే అది వేరే మతం. ఆ తేడాను వేదిక మీది నుంచి ఏటా చెప్పాలి. చెప్పలేకపోతే మాంసం ఊసే ఎత్తకూడదు. మరొకటి కూడా నేనే చెబుతాను. భస్మ బుధవారం నుంచి ఈస్టర్ ముందు శనివారం దాకా లెక్కపెడితే 46 రోజులు. అందులో ఆరు ఆదివారాలు తీసేస్తేనే నలభై. ఆదివారం పునరుత్థాన దినం కాబట్టి అది ఉపవాసం లెక్కలోకి రాదు. మన ఇళ్ళలో మాంసం వండేది వారానికి ఆ ఒక్కరోజే. కూలి ఇంట్లో పిల్లలు వారమంతా ఎదురుచూసే ఆ కూరను లెంటు పేరుతో మాన్పించడం, లెంటు లెక్క ప్రకారమే తప్పు.

తమ్ముడు: దీన్ని ఏ ఉపదేశీ నాకు చెప్పలేదు.

అక్క: చెప్పాల్సింది. కానీ నీ మాటలోంచే నాకు ఒకటి తోస్తోంది. ఆ పల్లెల నుంచి మన పెద్దలు క్రీస్తు దగ్గరికి ఎలా వచ్చారు? ఒక్కొక్కరుగా తమ గదిలో కూర్చుని ఆలోచించుకుని వచ్చారా? ఆ తొలి విశ్వాసుల్లో ఎర్రగుంట్ల పేరయ్య తాను నమ్మి ఊరుకోలేదు, బంధువులను, పల్లెలను వెంటబెట్టుకొచ్చాడు. 1876 నుంచి 78 దాకా కరువు. ఒంగోలులో మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో ఒక భాగం కాంట్రాక్టు తీసుకుని జనానికి పని కల్పించాడు. తిండి కోసం మతంలోకి వచ్చారన్న మాట రాకూడదని కరువు కాలమంతా బాప్తిస్మాలు ఆపేశాడు. తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారు. వాళ్ళు బాప్టిస్టులు, లెంటు వాళ్ళ ఆచారం కాదు, నిజమే. నేను చెప్పేది అది కాదు. మన విశ్వాసం పల్లెకు పల్లెగా వచ్చింది. వెలి వేస్తే అందరూ కలిసి వెలి పడ్డారు, పని పోతే అందరూ కలిసి పస్తులున్నారు. ఎవరికి వారు అనే భక్తి మనకు ఆస్తిపాస్తులు వచ్చాక, గదికో తలుపు వచ్చాక వచ్చింది.

తమ్ముడు: కలిసి వచ్చినవాళ్ళే కలిసి ఒకడిని వేలెత్తి చూపగలరు కూడా. పల్లెకు పల్లె ఒక్కటిగా ఉన్నచోట, ఒక్కడికి వేరే ఆలోచన వస్తే ఎక్కడికి పోతాడు? రెండేళ్ళ కిందట మన సంఘంలో ఒక అమ్మాయి పెళ్ళి. అబ్బాయి గల్ఫ్ నుంచి నెల రోజుల సెలవు మీద వచ్చాడు. ఆ నెల లెంటులో పడింది. శ్రమల దినాల్లో పెళ్ళి చేయం అన్నాం. వాళ్ళు ఇంకో పాస్టరు దగ్గర చేసుకుని అక్కడే ఉండిపోయారు. ఆ తల్లి ముప్పై ఏళ్ళు ఈ మందిరం ఊడ్చింది. ఏ వాక్యం ప్రకారం ఆవిడను పోగొట్టుకున్నాం?

అక్క: వాక్యం ప్రకారం కాదు. కానీ సంఘం ఒక శరీరమైతే, శరీరమంతా ఒక దుఃఖాన్ని మోస్తున్న వేళ ఒక అవయవం వేరే పాట పాడలేదు. ఇంట్లో చావు జరిగితే పక్కింటివాళ్ళు పెళ్ళి మేళం వాయిదా వేసుకుంటారు, అది ఎవరూ పెట్టిన చట్టం కాదు. ఆ అమ్మాయి విషయంలో నాకూ బాధే. అయినా ఆ నియమం సడలిస్తే ఎవరికి సడలుతుందో నీకు తెలుసు. పలుకుబడి ఉన్నవాడికి హాలు దొరికిన తేదీ ముఖ్యమవుతుంది. పేదవాడికి మాత్రం ఆగమంటాం. అందరికీ ఒకే మాట ఉండడమే పేదవాడికి రక్ష.

తమ్ముడు: ఒకే మాట అందరికీ ఒకేలా తగలదక్కా. ఉన్నవాడు తేదీ మార్చుకోగలడు. సెలవు అయిపోతే ఆ అబ్బాయి ఉద్యోగం పోతుంది.

అక్క: నువ్వు గల్ఫ్ అన్నావు కాబట్టి చెబుతున్నా. మా చిన్నాన్న కూతురు కువైట్‌లో ఒక ఇంట్లో వంట పని చేస్తుంది. అక్కడ సెలవు శుక్రవారం కాబట్టి మనవాళ్ళ ఆరాధన కూడా శుక్రవారమే, అదీ ఆ ఇంటివాళ్ళు పంపితే. ఈ మధ్య ఏళ్ళలో రంజాను, లెంటు ఒకే వారాల్లో పడుతున్నాయి. ఆ ఇంట్లో ముసలివాళ్ళ నుంచి ఎదిగిన పిల్లల దాకా అందరూ ఒకేసారి ఆకలితో ఉండి, ఒకేసారి ఖర్జూరం నోట్లో పెట్టుకుంటారు. అది వండి పెట్టేది ఈ పిల్లే. తానూ ఉపవాసమే, కానీ ఆ సంగతి ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. ప్రతి బుధవారం మన కూడిక వేళకు ఫోను చేసి, స్పీకరు పెట్టి పక్కన ఉంచమంటుంది. మాట్లాడదు. పాట వినబడితే చాలంటుంది. ఒంటరి ఉపవాసం ఎంత బరువో ఆ పిల్లను అడుగు.

తమ్ముడు: ఆ పిల్లే నాకు సాక్షి కూడా. పట్టిక లేదు, టిక్కు లేదు, చూసేవాళ్ళు లేరు. అయినా ఉంటోంది. మత్తయి ఆరో అధ్యాయం చెప్పిన ఉపవాసం మన సంఘంలో ఎవరైనా చేస్తున్నారంటే అది ఆవిడే. మనం ఆవిడకు ఇస్తున్నది పాట. నియమం కాదు.

అక్క: అవును, పాట. ఆ పాట ఉండాలంటే ఇక్కడ నలుగురం కూడాలి కదా. ఎవరికి వారం ఇంట్లో ఉంటే ఆవిడ ఎవరికి ఫోను చేస్తుంది? ఇంకొకటి చెప్పి ఆపుతాను. తాగుడు. లెంటులో తాగుడు మానేస్తామని మొక్కే మగవాళ్ళు మన పేటలో ఉన్నారు. ఒంటరిగా మానాలనుకున్నవాడు మూడో రోజు సాయంత్రం ఓడిపోతాడు. ఎందుకంటే ఆ సాయంత్రం అతన్ని పిలిచేవాళ్ళు గుంపుగా ఉంటారు. మానేవాళ్ళు కూడా గుంపుగా ఉంటేనే నిలబడతారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డది ఒక్కొక్కరుగా కాదు. ఒక్కో ఇల్లాలు తన ఇంట్లో ఎన్ని ఏళ్ళు ఏడ్చినా కాని పని, కలిసి నిలబడితే ఆ మరుసటి ఏడాదికి రాష్ట్రంలో సారా నిషేధం దాకా వెళ్ళింది. మన కూడికలు సాయంత్రం ఏడింటికి పెట్టింది ఎందుకనుకుంటున్నావు? దుకాణం దగ్గరికి అడుగులు పడే వేళ అది.

తమ్ముడు: ఈస్టర్ సాయంత్రానికి మళ్ళీ మొదలుపెట్టినవాళ్ళను మీరూ చూశారు, నేనూ చూశాను. నలభై రోజులు అని గడువు పెట్టడంలోనే నలభై ఒకటో రోజుకు అనుమతి ఉంది.

అక్క: చూశాను. ఆ నలభై రోజులూ ఆ ఇంట్లో పిల్లలు భయం లేకుండా నిద్రపోవడం కూడా చూశాను. అందరూ మళ్ళీ మొదలుపెట్టరు. ఒకరిద్దరు నిలిచినా నాకు ఆ కూడికలు చాలు.

తమ్ముడు: సరే, కూడికల దగ్గరే నా చివరి మాట. ఇంటింటి కూడికలు మొదట్లో ఎలా ఉండేవి? చాప, లాంతరు, పాట, ప్రార్థన. ఇప్పుడు ఒక ఇంట్లో టీ బిస్కెట్లు, తర్వాతి ఇంట్లో సమోసాలు, ఆ తర్వాత పులిహోర, కుర్చీలు, షామియానా, మైకు. ఒక్క గది ఉన్నవాళ్ళు మా ఇంట్లో వద్దులెండి అయ్యగారూ, వచ్చే ఏడు చూద్దాం అంటున్నారు. వాళ్ళకు ప్రార్థన అక్కర్లేక కాదు, సమోసాలు పెట్టలేక. కొరింథులో కలిగినవాళ్ళు ముందే తిని, లేనివాళ్ళు ఆకలితో కూర్చుంటే పౌలు మీరు తినేది ప్రభువు భోజనం కాదన్నాడు. ఉపవాస దినాల్లో తిండితో పేదవాడిని సిగ్గుపరచడం అంతకంటే ఘోరం. యెషయా 58వ అధ్యాయంలో దేవుడు అడిగింది ఆకలిగొన్నవాడికి ఆహారం, బట్ట లేనివాడికి బట్ట. తల వంచుకు కూర్చోవడం కాదు. కలిసి చేస్తే ఇది నెరవేరుతుందంటే నాకు ఏ అభ్యంతరమూ లేదు. నెరవేరడం లేదు కాబట్టి మాట్లాడుతున్నాను.

అక్క: పిడికెడు బియ్యం గుర్తుందా నీకు? పొయ్యి మీద ఎసరు మరుగుతుండగా, అన్నానికి కొలిచిన బియ్యంలోంచి మా అమ్మ ఒక పిడికెడు తీసి దాకలో వేసేది. పూటకు పిడికెడు. ఆదివారం ఆ దాక కొంగు చాటున పెట్టుకుని మందిరానికి తెచ్చేది. ఎవరి దాకలో ఎంతుందో ఎవరికీ తెలియకుండా అందరూ ఒకే బస్తాలో పోసేవాళ్ళు. మిజోరాం సంఘాలు ఆ పిడికెడు బియ్యంతో వందేళ్ళకు పైగా సువార్త పని పోషించుకుంటున్నాయి. నువ్వు అడిగే రహస్యం అందులో ఉంది, నేను అడిగే కలయికా అందులో ఉంది. మనం దాన్ని ఎందుకు వదిలేశాం? కవర్లు వచ్చాయి, కవర్ల మీద పేర్లు వచ్చాయి.

తమ్ముడు: దాన్ని మళ్ళీ మొదలుపెడితే నేను వస్తాను. ఈ లెంటులోనే బియ్యం పోగు చేద్దాం. కోతలు అయిపోయి పని దొరకని ఇళ్ళకు ఈస్టర్ ముందు రోజు చేరాలి. బాప్తిస్మానికి సిద్ధపడుతున్నవాళ్ళ పేర్లు ప్రతి ఆదివారం చదవండి, వాళ్ళ కోసం ఎవరు ఉపవాసం ఉంటున్నారో మాత్రం చదవకండి. కూడికల్లో మంచినీళ్ళు తప్ప ఏమీ పెట్టకూడదని చెప్పండి, మా ఒక్క గది ఇంట్లో మొదటి బుధవారం నేను పెట్టుకుంటాను. పట్టిక గోడ మీది నుంచి తీసేయండి. పెళ్ళిళ్ళ నియమం కమిటీలో పెట్టి ఎత్తేయండి.

అక్క: పట్టిక ఈ రోజే తీయిస్తాను. బియ్యం సంగతి స్త్రీల సమాజంలో రేపే చెబుతాను. మాంసం గురించి వేదిక మీద ఏం చెప్పాలో అయ్యగారితో నువ్వే మాట్లాడు, నీ నోటితో వింటేనే ఆయనకు తెలుస్తుంది. పెళ్ళిళ్ళ విషయం మాత్రం నేను ఒప్పుకోను. కమిటీలో నువ్వు పెట్టు, నేను ఎదురు మాట్లాడతాను.